గుండె ఆగినప్పుడు లయ మందులు ఎంతవరకు పనిచేస్తాయి?

న్యూ టౌన్ (కోల్‌కతా): గాయకుడు కేకే 2022 మే 31 రాత్రి కోల్‌కతాలోని నజ్రుల్ మంచ్‌లో కచేరీ ముగించుకొని హోటల్‌కు చేరిన తర్వాత కుప్పకూలారు. ఆసుపత్రికి తీసుకువెళ్లేసరికే ప్రాణం పోయిందని వైద్యులు ప్రకటించారు. ‘ఘర్షణ’, ‘ఆర్య’ చిత్రాల పాటలతో తెలుగు శ్రోతలకు చేరువైన గొంతు అది. ఆ మరణవార్తల్లో ‘గుండెపోటు’, ‘కార్డియాక్ అరెస్ట్’ అనే రెండు మాటలు ఒకదాని స్థానంలో ఒకటిగా తిరిగాయి. ప్రముఖులు హఠాత్తుగా మరణించిన ప్రతిసారీ జరిగేది ఇదే. దాని వెంటే మరో ప్రశ్న కూడా వస్తుంది: సమయానికి ఏదైనా ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే బతికేవారా?

ఆ ప్రశ్నను కోల్‌కతా ఈశాన్య అంచున రాజార్‌హాట్ పొలాల మీద లేచిన న్యూ టౌన్‌కు అన్వయించి చూడవచ్చు. విశాలమైన రహదారులు, ఐటీ పార్కులు, వరుసగా ఆకాశహర్మ్యాలు ఉన్న ఈ ఉపనగరంలో బెంగాలీలతో పాటు ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగువారూ నివసిస్తున్నారు. అక్కడి ఒక భవనం ఇరవయ్యో అంతస్తులో ఎవరైనా ఉన్నట్టుండి పడిపోతే, అంబులెన్సు సిబ్బంది సంచిలో ఉండే అమియోడరోన్, లిగ్నోకైన్ వంటి మందులు ఏం చేయగలవు? వైద్య పరిశోధన గత పాతికేళ్లలో ఇచ్చిన సమాధానం సూటిగా లేదు. కానీ ఆ సమాధానంలో సామాన్యుడికి పనికివచ్చే విషయం చాలా ఉంది.

ఆగిన గుండె ఎప్పుడూ నిశ్చలం కాదు

ముందుగా మాటల సంగతి. గుండెకు రక్తం తెచ్చే ధమని పూడుకుపోయి కండరం దెబ్బతినడం గుండెపోటు. ఆ సమయంలో రోగి సాధారణంగా స్పృహలోనే ఉంటాడు, నొప్పి అంటాడు, చెమటలు పడతాయి. గుండె రక్తాన్ని పంపడమే మానేయడం కార్డియాక్ అరెస్ట్. అప్పుడు కొన్ని క్షణాల్లోనే స్పృహ పోతుంది, నాడి అందదు, శ్వాస ఆగిపోతుంది లేదా ఎగశ్వాసగా మారుతుంది. మొదటిది రెండోదానికి దారితీయవచ్చు, కానీ రెండూ ఒకటి కావు. మొదటిదానిలో ఆసుపత్రికి చేరేందుకు కొంత వ్యవధి ఉంటుంది. రెండోదానిలో పక్కనున్న మనిషే వైద్యుడు కావాలి.

కార్డియాక్ అరెస్ట్‌ను తెలుగులో ‘హృదయ స్తంభన’ అంటున్నాం. మాట బాగుంది, అర్థమే కొంత దారి తప్పిస్తుంది. స్తంభన అనగానే గుండె స్తంభంలా బిగుసుకుపోయి నిలిచిపోయిన చిత్రం మనసులో మెదులుతుంది. పెద్దవారిలో హఠాత్తుగా సంభవించే అరెస్టులలో చాలావాటిలో మొదట జరిగేది అది కాదు. గుండె కింది గదులైన జఠరికలలో విద్యుత్ సంకేతాలు చెదిరిపోయి, కండరంలోని ఒక్కో భాగం ఒక్కో తాళానికి వణుకుతుంది. వైద్యులు దీన్ని వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. తెలుగులో జఠరికల ప్రకంపనం అనుకోవచ్చు. గుండె కదులుతూనే ఉంటుంది, ఒక్క చుక్క రక్తం మాత్రం ముందుకు పోదు. ఇలాంటిదే మరొకటి నాడి అందని వెంట్రిక్యులర్ టాకీకార్డియా. ఇందులో జఠరికలు అతివేగంగా కొట్టుకుంటాయి గానీ రక్తంతో నిండే వ్యవధి వాటికి దొరకదు.

ఈ రెండు స్థితులకు విద్యుత్ షాక్ పనిచేస్తుంది. డీఫిబ్రిలేటర్ ఇచ్చే షాక్ చెదిరిన సంకేతాలన్నిటినీ ఒక్కసారిగా అణచివేస్తుంది. ఆ క్షణకాలపు నిశ్శబ్దంలో గుండెలోని సహజ పేస్‌మేకర్ మళ్లీ పగ్గాలు అందుకుంటుంది. ఈసీజీలో గీత చదునైపోయిన స్థితిలో గానీ, గీత కదులుతున్నా నాడి అందని స్థితిలో గానీ షాక్‌తో ప్రయోజనం లేదు. మన చర్చలోని లయ మందులూ అక్కడ పనిచేయవు. లయ మందులు లయ తప్పినప్పుడే పనికొస్తాయి. అసలు లయే లేనిచోట అవి దిద్దడానికి ఏమీ ఉండదు.

సింకోనా బెరడు నుంచి కైరో ప్రయోగశాల దాకా

గుండె లయను సరిచేసే మందుల చరిత్రకు బెంగాల్‌తోనూ చుట్టరికం ఉంది. ఈ వర్గంలో పాత మందులలో ఒకటైన క్వినిడిన్, మలేరియా మందు క్వినైన్‌కు తోబుట్టువు. రెండూ సింకోనా బెరడులోనివే. డార్జీలింగ్ కొండల్లోని మంగ్పూలో 1860ల నుంచి ఆ చెట్లను పెంచారు. 1912లో ఒక డచ్ వ్యాపారి తన గుండె దడను క్వినైన్ వేసుకొని తానే ఆపుకోగలనని హృద్రోగ నిపుణుడు కారెల్ వెంకెబాఖ్‌కు చెప్పాడు, చేసి చూపించాడు కూడా. ఆ తర్వాత 1918లో జర్మన్ వైద్యుడు వాల్టర్ ఫ్రే, ఆ బెరడులోని ద్రవ్యాలలో క్వినిడిన్ ఇంకా మెరుగ్గా పనిచేస్తుందని గుర్తించాడు.

మన సర్పగంధ కథ కూడా ఇక్కడికే వస్తుంది. 1931లో కోల్‌కతా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ఆ మొక్క వేరుకు రక్తపోటును తగ్గించే గుణం ఉందని వైద్య పత్రికలో రాశారు. అదే కాలంలో రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దిఖీ అదే వేరు నుంచి ఒక ఆల్కలాయిడ్‌ను వేరుచేసి, హకీం అజ్మల్ ఖాన్ పేరిట దానికి అజ్మలీన్ అని పేరు పెట్టారు. గుండె లయను ప్రభావితం చేసే ఈ మందును నేటికీ బ్రుగాడా సిండ్రోమ్ అనే వంశపారంపర్య లయ దోషాన్ని బయటపెట్టే పరీక్షలో కొన్ని దేశాల వైద్యులు వాడుతున్నారు.

ఇప్పుడు అత్యవసర చికిత్సలో ముందుండే అమియోడరోన్ పుట్టుక కూడా మూలికతోనే ముడిపడింది. కైరోలో పనిచేసిన శరీరధర్మ శాస్త్రవేత్త గ్లెబ్ వాన్ అన్రెప్, తన వద్ద పనిచేసే సహాయకుడికి గుండె నొప్పి తగ్గడానికి కారణం అతను వాడుతున్న ఖెల్లా అనే ఈజిప్టు మొక్క మందు అని గమనించారు. అందులోని ఖెల్లిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకొని బెల్జియంలోని లాబాజ్ సంస్థ 1961లో అమియోడరోన్‌ను తయారుచేసింది. దాన్ని మొదట వాడింది గుండె నొప్పికే. లయ దోషాలను అది అదుపు చేస్తుందని 1970లలో చాటిచెప్పినవారు అర్జెంటీనా వైద్యుడు మౌరీసియో రోసెన్‌బామ్. లిగ్నోకైన్ కథ ఇంకోలాంటిది. 1943లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్తలు నీల్స్ లోఫ్‌గ్రెన్, బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ తయారుచేసిన ఈ మత్తుమందును పన్ను పీకేముందు చిగురుకు ఇచ్చే ఇంజెక్షన్‌గా పాఠకులు ఎరిగే ఉంటారు. విదేశీ పుస్తకాల్లో దీని పేరు లిడోకైన్. మందు ఒకటే అయినా దంతవైద్యుడి సీసాలో తరచూ ఎడ్రినలిన్ కలిపి ఉంటుంది, గుండెకు వాడేది వేరుగా వస్తుంది.

మందు గుండెలో ఏం చేస్తుంది?

గుండె కణం లోపలికి, బయటికి సోడియం, పొటాషియం, కాల్షియం అయాన్లు వెళ్లడం వల్లే విద్యుత్ సంకేతం పుడుతుంది. ఆ ద్వారాలను ఏ మందు ఎక్కడ బిగిస్తుందన్నదాన్ని బట్టి ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త మైల్స్ వాన్ విలియమ్స్ ఈ మందులను నాలుగు తరగతులుగా విభజించారు. లిగ్నోకైన్ సోడియం ద్వారాలను బిగిస్తుంది. అమియోడరోన్‌ను పొటాషియం ద్వారాలను బిగించే మూడో తరగతిలో చేర్చారు గానీ, నిజానికి దానికి నాలుగు తరగతుల గుణాలూ ఉన్నాయి. ఫలితంగా ఒక సంకేతం వెళ్లాక కణం మరో సంకేతానికి సిద్ధమయ్యే వ్యవధి పెరుగుతుంది, గుండెలో చక్కర్లు కొట్టే అస్తవ్యస్త సంకేతాలు తెగిపోయే అవకాశం వస్తుంది.

ఒక సంగతిని విడిగా చెప్పాలి. ప్రకంపనాన్ని ఆపేది మందు కాదు, షాక్. మందు చేసేది షాక్‌కు సాయం. ఒకసారి ఆగిన ప్రకంపనం మళ్లీ మొదలుకాకుండా అది కాపలా కాస్తుంది. అందుకే వరుసగా మూడు షాకులు ఇచ్చినా లయ కుదరనప్పుడు 300 మిల్లీగ్రాముల అమియోడరోన్ నరంలోకి ఎక్కించడం, అవసరమైతే ఆ తర్వాత మరో 150 మిల్లీగ్రాములు ఇవ్వడం ఆనవాయితీ. లేదంటే శరీర బరువును బట్టి లిగ్నోకైన్ ఇస్తారు. అయితే నరంలోకి వెళ్లిన మందు గుండెకు చేరాలంటే రక్తం కదలాలి. గుండె కొట్టుకోనప్పుడు రక్తాన్ని కదిలించేది ఛాతీపై నొక్కుతున్న చేతులే. ఎవరూ నొక్కకపోతే మందు ఎక్కించిన చోటే దాదాపుగా నిలిచిపోతుంది.

అంకెలు చెప్పే సంగతి

లయ మందు కాబట్టి లయను బాగుచేస్తుంది, ప్రాణం నిలబెడుతుంది అన్న తర్కం ఒకప్పుడు వైద్యులకే ఎదురుదెబ్బ అయింది. గుండెపోటు తర్వాత అదనపు స్పందనలు ఉన్నవారికి ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ మాత్రలు ఇచ్చి అమెరికాలో జరిపిన కాస్ట్ అధ్యయనాన్ని 1989లో మధ్యలోనే నిలిపివేయాల్సి వచ్చింది. 1991లో ప్రచురితమైన లెక్కల ప్రకారం ఆ మందులు తీసుకున్న 755 మందిలో 63 మంది మరణించగా, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మందే మరణించారు. ఈసీజీ చక్కబడింది, మనుషులు మాత్రం ఎక్కువమంది పోయారు. ఆ తర్వాత నుంచి ఏ లయ మందునైనా అసలు బతికినవారి లెక్కతోనే తూచాలన్న పట్టింపు వచ్చింది.

కార్డియాక్ అరెస్ట్ విషయంలో తొలి ఆశ అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో మొదలైంది. 1999లో వెలువడిన అరెస్ట్ అధ్యయనంలో 504 మందిని పరిశీలించారు. అమియోడరోన్ పొందినవారిలో 44 శాతం మంది ప్రాణంతో ఆసుపత్రిలో చేరారు, ఉత్తుత్తి ఇంజెక్షన్ పొందినవారిలో 34 శాతం మంది చేరారు. 2002లో టొరంటోలో 347 మందిపై జరిగిన మరో అధ్యయనంలో అమియోడరోన్‌తో 22.8 శాతం, లిగ్నోకైన్‌తో 12 శాతం మంది ఆసుపత్రి దాకా బతికారు. అమియోడరోన్ పేరు మార్మోగింది. కానీ ఆసుపత్రి గుమ్మం దాటి లోపలికి వెళ్లడం వేరు, నడుచుకుంటూ బయటికి రావడం వేరు. ఆ రెండో లెక్కను తేల్చేంత పెద్దవి కావు ఆ అధ్యయనాలు.

ఆ లెక్క 2016లో తేలింది, సగమే తేలిందనాలి. ఉత్తర అమెరికాలో షాకులకు లొంగని 3,026 మందిని మూడు వర్గాలు చేశారు. డిశ్చార్జి అయ్యేవరకు జీవించినవారు అమియోడరోన్ వర్గంలో 24.4 శాతం, లిగ్నోకైన్ వర్గంలో 23.7 శాతం, మందులేని ఉప్పునీటి వర్గంలో 21 శాతం. తేడా కనిపిస్తోంది గానీ, అది యాదృచ్ఛికం కాదని గణాంక శాస్త్రం ఒప్పుకునేంత కాదు. ‘మందు వృథా’ అన్నవారికీ, ‘వందలో ముగ్గురంటే తక్కువా’ అన్నవారికీ అదే అంకె ఆధారమైంది.

ఆ అధ్యయనంలో అసలు విలువైన అంశం లోపలి వర్గీకరణలో ఉందని ఈ రచయిత అభిప్రాయం. రోగి పడిపోవడాన్ని పక్కనున్నవారు చూసిన సందర్భాలను విడిగా లెక్కిస్తే, అమియోడరోన్‌తో 27.7 శాతం, లిగ్నోకైన్‌తో 27.8 శాతం, మందు లేకుండా 22.7 శాతం మంది బతికారు. ఇక్కడ తేడా స్పష్టం. ఎవరూ చూడకుండా పడిపోయినవారిలో మాత్రం మందుల వల్ల ఏ ప్రయోజనమూ కనిపించలేదు. సహాయం కోసం ఫోను వచ్చినప్పటి నుంచి మొదటి మోతాదు పడేదాకా సగటున దాదాపు 19 నిమిషాలు పట్టిందన్నది కూడా మరవరాదు. గుండె కండరానికి ఇంకా జీవం మిగిలి ఉన్నప్పుడు చేరితేనే మందుకు ఫలితం ఉంటుందన్నమాట. దీనికి అనుగుణంగానే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2018లో తన మార్గదర్శకాలను సవరించింది. షాకుకు లొంగని ప్రకంపనంలో అమియోడరోన్, లిగ్నోకైన్‌లలో దేనినైనా పరిశీలించవచ్చని, ముఖ్యంగా ఎవరైనా చూస్తుండగా పడిపోయిన సందర్భాల్లో ప్రయోజనం ఉండవచ్చని పేర్కొంది. రెండు మందుల్లో ఏది గొప్పదన్న పోటీ అంతటితో చల్లబడింది.

ఎడ్రినలిన్ ప్రస్తావన లేకుండా ఈ విషయం పూర్తికాదు. అది లయ మందు కాదు, కానీ గుండె ఆగినప్పుడు విరివిగా ఇచ్చే మందు. బ్రిటన్‌లో 8,014 మందిపై జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో 30 రోజుల తర్వాత జీవించి ఉన్నవారు ఎడ్రినలిన్‌తో 3.2 శాతం, అది లేకుండా 2.4 శాతం. బతికినవారిలో మెదడు తీవ్రంగా దెబ్బతిన్నవారు ఎడ్రినలిన్ వర్గంలోనే ఎక్కువ. మందు గుండెను తిరిగి నడిపించగలదు. అప్పటికే ఆక్సిజన్ అందక నష్టపోయిన మెదడును అది వెనక్కి తేలేదు. సినీనటుడు నందమూరి తారకరత్న 2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్ర సందర్భంగా కుప్పకూలినప్పుడు, వైద్యులు చాలాసేపు శ్రమించి ఆయన గుండెను తిరిగి పనిచేయించారు. బెంగళూరు ఆసుపత్రిలో చికిత్స పొందుతూ ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు. గుండె తిరిగి కొట్టుకోవడానికీ మనిషి కోలుకోవడానికీ మధ్య ఎంత దూరముందో తెలుగువారు ఆ మూడు వారాలూ ప్రతిరోజూ వార్తల్లో చూశారు.

ఇరవయ్యో అంతస్తు లెక్క

ఇప్పుడు న్యూ టౌన్ భవనానికి తిరిగి వద్దాం. ఛాతీపై నొక్కడం గానీ షాక్ గానీ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందన్నది అంగీకృత అంచనా. విశాలమైన రహదారిపై అంబులెన్సు వేగంగా వచ్చినా, గేటు దగ్గర వివరాల నమోదు, లిఫ్టు కోసం నిరీక్షణ, ఏ బ్లాకు ఏదో తెలియని తడబాటు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కెనడాలోని టొరంటో ప్రాంతపు రికార్డులను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనం దీనికి అంకెలు ఇచ్చింది. మూడో అంతస్తుకు దిగువన గుండె ఆగినవారిలో 4.2 శాతం మంది బతికితే, మూడు, ఆపై అంతస్తుల్లో 2.6 శాతమే బతికారు. 16వ అంతస్తుకు పైన 216 మందిలో ఇద్దరు మాత్రమే బతికారు. 25వ అంతస్తు దాటాక ఒక్కరూ లేరు. అక్కడి అంబులెన్సుల్లో మందులకు లోటు లేదు, పైకి చేరేలోపు గడిచిన కాలమే తేడా.

దీనికి ఎదురుగా నిలిచేది షికాగో విమానాశ్రయాల అనుభవం. గోడలకు తగిలించిన ఏఈడీ అనే స్వయంచాలిత డీఫిబ్రిలేటర్లను ఎవరైనా తీసి వాడుకునే ఏర్పాటు అక్కడ చేశారు. రెండేళ్లలో 21 మంది గుండె ఆగి పడిపోగా వారిలో 18 మందిది ప్రకంపన స్థితి, వారిలో 11 మంది బతికారు. యంత్రాన్ని వాడినవారిలో ఎక్కువమంది దారినపోయే సాధారణ ప్రయాణికులే. ఏఈడీ తానే ఈసీజీ చదివి, షాక్ అవసరమా కాదా తేల్చుకొని, మాటలతో సూచనలు ఇస్తుంది. లిఫ్టుకు, అగ్నిమాపక పరికరాలకు ఖర్చుపెట్టే నివాసుల సంఘాలు దీని గురించి ఎందుకు ఆలోచించవన్నది న్యాయమైన ప్రశ్నే. అది న్యూ టౌన్‌కే కాదు, గచ్చిబౌలికీ మధురవాడకూ వర్తిస్తుంది.

యంత్రం లేనిచోట చేతులు ఉన్నాయి. శిక్షణ లేనివారి కోసం భారతీయ ఎనస్థీషియా వైద్యులు రూపొందించిన కోల్స్ విధానంలో నోటితో ఊపిరి ఊదాల్సిన పని లేదు. పిలిచినా పలకని, సరిగా శ్వాసించని మనిషిని నేలపై వెల్లకిలా పడుకోబెట్టి, ఎవరినైనా 112కు ఫోను చేయమని చెప్పి, రొమ్ము ఎముక కింది సగంపై రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో 108కీ చేయవచ్చు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ కూడలి దగ్గర కుప్పకూలిన వ్యక్తిని ట్రాఫిక్ కానిస్టేబుల్ ఇలాగే కాపాడిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఆ తర్వాత కొద్దిరోజులకే తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమం చేపట్టింది.

మందుల విషయంలో ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. గుండె జబ్బు ఉన్న ఇంట్లో అమియోడరోన్ మాత్రలో, నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్రలో ఉండటం మామూలే. మనిషి స్పృహ తప్పి పడిపోగానే మాత్ర కోసం అల్మారాలు వెతుకుతారు. ఆ మాత్ర అప్పుడు పనిచేయదు. అమియోడరోన్ మాత్ర పూర్తి ప్రభావం చూపడానికి రోజులు, వారాలు పడుతుంది. స్పృహలేని నోట్లో పెట్టిన ఏ మాత్రయినా గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. సార్బిట్రేట్ రక్తపోటును మరింత తగ్గిస్తుంది. వెతకడంలో పోయిన రెండు నిమిషాలు తిరిగిరావు.

ఇక అమియోడరోన్ ఆసుపత్రిలో అయినా జాగ్రత్తగా వాడాల్సిన మందే. నరంలోకి వేగంగా ఎక్కిస్తే రక్తపోటు పడిపోతుంది. ఆ అణువు బరువులో మూడోవంతుకు పైగా అయొడిన్ కావడంతో దీర్ఘకాలం మాత్రలు వాడేవారికి థైరాయిడ్ ఇబ్బందులు రావచ్చు. ఊపిరితిత్తులు, కాలేయం, కళ్లను కూడా గమనిస్తూ ఉండాలి. మానేసినా ఒంట్లో వారాల తరబడి, కొందరిలో నెలల తరబడి మిగిలే ఉంటుంది. అన్ని లయ దోషాలకూ ఇది సరిపోదు కూడా. క్యూటీ వ్యవధి సాగడం వల్ల వచ్చే టార్సాడ్ అనే ప్రత్యేక రకానికి మెగ్నీషియం ఇస్తారు, అక్కడ అమియోడరోన్ ఇస్తే కీడు జరగవచ్చు.

షాకులకూ మందులకూ లొంగని ప్రకంపనానికి ఇటీవల పరిశోధకులు మళ్లీ షాక్ వైపే తిరిగారు. కెనడాలోని ఒంటారియోలో 405 మందిపై జరిపి 2022లో వెల్లడించిన అధ్యయనంలో, రెండు డీఫిబ్రిలేటర్లతో వెంటవెంటనే షాకులిస్తే 30.4 శాతం, ప్యాడ్ల స్థానం మార్చి ఇస్తే 21.7 శాతం, మామూలు పద్ధతిలో 13.3 శాతం మంది డిశ్చార్జి వరకు జీవించారు.

బతికి బయటపడినవారికి మరోసారి అలా జరగకుండా చూడటం తదుపరి పని. అక్కడ కూడా మాత్ర ఒంటరిగా నెగ్గలేదు. గుండె బలహీనమైన 2,521 మందిపై జరిగి 2005లో వెలువడిన అధ్యయనంలో, అమియోడరోన్ మాత్రలు వాడినవారికీ ఉత్తుత్తి మాత్రలు వాడినవారికీ మరణాల్లో తేడా కనిపించలేదు. చర్మం కింద అమర్చే ఐసీడీ అనే చిన్న డీఫిబ్రిలేటర్ మాత్రం మరణాలను 23 శాతం తగ్గించింది. ప్రకంపనం మొదలైతే ఆ పరికరం లోపలి నుంచే క్షణాల్లో షాక్ ఇస్తుంది. ఆ షాకులు పదేపదే రాకుండా చూసేందుకు చాలామంది రోగులు పరికరంతో పాటు అమియోడరోన్ మాత్రను కూడా రోజూ వేసుకుంటున్నారు.